మంచం పట్టినవారికి తోడుండడం: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ, మంచం పట్టినవాళ్లకు ఇంటి దగ్గరే నర్సింగ్ చేయడం నా పని. ఎక్కువమంది క్యాన్సర్ ముదిరినవాళ్లు. శ్రీకాకుళం, విశాఖ, బరంపురం తిరిగి తిరిగి, "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అనిపించుకుని వచ్చినవాళ్లు. మా పనిని పాలియేటివ్ కేర్ అంటారు. రోగం నయం కాకపోయినా బాధ తగ్గించవచ్చు కదా, దాని కోసం. మందులు చేసేది మందులు చేస్తాయి. ఆపైన ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు చేయాల్సింది చాలా ఉంటుంది. అపోహలన్నీ అక్కడే.

అపోహ: దయ పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు.

నేను ఒప్పుకోను. మనసు లేనివాళ్లను ఈ ఊళ్లలో పెద్దగా చూడలేదు. ఏం చేయాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడిపోయేవాళ్లే ఎక్కువ. తల్లి మీద ప్రాణం పెట్టుకున్న కొడుకు కూడా ఆమెను పక్కకు తిప్పాలంటే భయపడతాడు. చూపిస్తే ఒక్క పూటలో నేర్చుకుంటాడు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, దుప్పటి ముడతలు సర్దాలి, నడుం కిందా మడమల దగ్గరా ఎర్రబడిందేమో చూడాలి. ఎర్రబడిన చోట మాత్రం రుద్దకూడదు. ప్రేమ ఎక్కువైనవాళ్లే అక్కడ నూనె రాసి గట్టిగా రుద్దేస్తారు, లోపలి కండ ఇంకా నలిగి పుండు పడుతుంది.

కేరళలో ఊరూరా పాలియేటివ్ కేర్ నిలబడింది ఈ నేర్పడం వల్లే. 1993లో కోళికోడ్‌లో మొదలైన పని మలప్పురం లాంటి జిల్లాలకు పాకింది. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లు ఎవరైనా రండి, నేర్పిస్తాం అన్నారు. కూలీలు, టీచర్లు, విద్యార్థులు వచ్చారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీనికి ఒక పాలసీయే తెచ్చింది.

అపోహ: పుండు వాసన పోయేది కాదు, భరించాల్సిందే.

ఇది మా ప్రాంతం కథ. శ్రీకాకుళం తీరం నుంచి గంజాం వైపు దాకా పెద్ద వయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మిగతాచోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడ కనబడడానికి కారణం అదే. ముదిరితే పుండు పడుతుంది, దానితో వాసన.

అలాంటి ఒక మామ్మ ఇంటికి వెళ్లాను. మంచం పెరట్లోకి, రేకుల కిందికి మారింది. కోడలు అన్నం గిన్నె చిన్నపిల్ల చేత పంపిస్తోంది. మామ్మ ఎవరితో మాట్లాడినా చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. కోడలిది రాతి గుండె అని వీధిలో అనుకుంటున్నారు. నాకు అలా అనిపించలేదు. ఆ వాసనకు అన్నం దగ్గర వాంతి వచ్చేది ఆ కోడలికి.

పుండు వాసన చాలావరకు గాలి తగలని చోట పెరిగే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. వాటిని చంపే మెట్రోనిడజోల్ మాత్రలు చవకే. డాక్టరును అడిగి, పుండు ఉప్పునీళ్లతో కడిగాక ఆ మాత్ర మెత్తగా నూరి, పైకి కనిపిస్తున్న పుండు మీద చల్లుతాం. మామ్మకు పుండు చెంప మీదికి కూడా వచ్చింది కాబట్టి అక్కడ చల్లి, గాజు గుడ్డ కప్పడం కోడలికే నేర్పాను. కొన్నాళ్లకు వాసన బాగా తగ్గింది. పక్కింటావిడ వచ్చి మంచం మీదే కూర్చుని తల దువ్వి జడ వేసింది. "బాగా చిక్కు పడిపోయిందే నీ జుట్టు" అని తిట్టింది కూడా. జనం దగ్గరికి రావాలంటే ముందు వాళ్లకు అడ్డమేమిటో చూసి తీసేయాలి. తిడితే ఎవరూ రారు.

అపోహ: క్యాన్సర్ అంటుకుంటుంది, కంచం గ్లాసు విడిగా పెట్టాలి.

అంటుకోదు. ఒకే కంచంలో తినవచ్చు, పక్కన పడుకోవచ్చు, మనవలను ఒళ్లో కూర్చోబెట్టవచ్చు. టీబీ అనుమానం ఉంటే అది వేరే సంగతి, డాక్టరు చెప్పినట్టు నడవాలి.

అపోహ: గట్టి నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మొదలుపెట్టారంటే మత్తుకు అలవాటైపోతారు, ఇక ఆఖరే.

క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే వ్యసనం కావడం చాలా అరుదు. నొప్పి వచ్చేదాకా ఆగి ఇవ్వడం తప్పు. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, గడియారం చూసి ఇవ్వాలి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, అందుకే విరేచనం మందు కూడా కలిపి రాస్తారు, అది మానేయకూడదు. 1985 మాదకద్రవ్యాల చట్టం వల్ల ఈ మాత్ర దొరకడమే గగనంగా ఉండేది. 2014 సవరణతో ఆ లైసెన్సుల తంతు తగ్గింది. అయినా ఇప్పటికీ "అమ్మో మార్ఫినా" అని మాత్రలు అటక మీద దాచేసే ఇళ్లు ఉన్నాయి. మనిషి అరుస్తూ ఉంటాడు, మందు అటక మీద ఉంటుంది.

మాత్ర వేసినా తగ్గని నొప్పీ ఉంటుంది. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (ఆఖరి దశ రోగులను చూసుకునే చోటు) పెట్టిన సిసిలీ సాండర్స్ నర్సుగా, సోషల్ వర్కర్‌గా పనిచేసి ఆ తర్వాత డాక్టరైన మనిషి. ఒంటి నొప్పి, మనసు బాధ, ఇంటి చిక్కులు, దేవుడి మీద కోపం, అన్నీ కలిసి ఒకటే నొప్పి అవుతాయని, దాన్ని టోటల్ పెయిన్ అనాలని ఆమె చెప్పింది. రాత్రిళ్లు నొప్పి ఎక్కువ అనేవాళ్లను అడిగి చూడండి, అప్పో, పెళ్లి కాని కూతురో బయటికి వస్తుంది.

అపోహ: రోగం సంగతి దాచడమే మంచిది.

దాచితే దాగదు. ఒడియాలో గుసగుసలాడినా, తెలుగులో గుసగుసలాడినా ఇక్కడ అందరికీ రెండూ వచ్చు! అలాగని మొహం మీద చెప్పేయమనడం లేదు. "డాక్టరు మీకేం చెప్పారు బాబాయ్? మీకేమనిపిస్తోంది?" అని అడిగి, నోరు మూసుకుని వినాలి. ఆయన ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో ఆయన మాటల్లోనే తెలుస్తుంది. చాలామందికి పొలం కాగితాల టెన్షన్ ఉంటుంది. తెలియనివ్వకపోతే అది అలాగే ఉండిపోతుంది.

అపోహ: తినకపోతే నీరసంతో పోతారు, బలవంతంగానైనా పెట్టాలి.

చివరి రోజుల్లో ఒంటికి తిండి పట్టదు. గంజి అయినా పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) అయినా నోట్లో కుక్కితే ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో బాధ. దానికి బదులు పెదవులకు కాస్త కొబ్బరినూనె రాయండి, తడి గుడ్డతో నాలుక తుడవండి. పుక్కిలించగలిగితే లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా చాలు.

అపోహ: పలకరించడానికి వెళ్తే ఏదో ఒక సలహా చెప్పాలి.

ఫలానా ఊళ్లో ఆకుమందు ఇస్తారనీ, మా మేనమామా దీంతోనే పోయాడనీ చెప్పకండి. హార్లిక్స్ సీసాలు ప్రతి ఇంట్లో వరసగా ఉంటాయి. పాత నూలు చీరలు ఉతికి పట్టుకెళ్లండి, పక్క గుడ్డలకు ఎన్నయినా చాలవు. మధ్యాహ్నం పూట వెళ్లి, "నువ్వు వెళ్లి తలస్నానం చేసి కాసేపు పడుకో, నేను కూర్చుంటాను" అని కోడలిని లేపండి. వెళ్లేముందు మందులు ఎన్ని గంటలకో అడిగి రాసి పెట్టుకోండి.