సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో రిపేర్లు: ఒక టెక్నీషియన్ చెప్పే అపోహలు – వాస్తవాలు

ఎలక్ట్రానిక్ బోర్డులు రిపేర్ చేయడం నా వృత్తి, సైన్స్ ఫిక్షన్ సినిమాలు నా పిచ్చి. ఈ రెండూ ఉన్నవాడి పక్కన కూర్చుని సినిమా చూడటం కాస్త కష్టమే. గ్రహాలు పేలినా నోరెత్తను గానీ, మూత తీయకుండానే లోపం ఏమిటో చెప్పేసే హీరో కనిపిస్తే మాత్రం ఊరుకోలేను. ఈ సినిమాల వల్ల చాలామందిలో పాతుకుపోయిన నమ్మకాలు కొన్ని చూద్దాం.

అపోహ: మొండికేసిన యంత్రానికి ఒక్క దెబ్బ వేస్తే దారికొస్తుంది.

'ఆర్మగెడాన్' (1998)లో రష్యన్ వ్యోమగామి రెంచితో బాదగానే మొరాయించిన నౌక స్టార్ట్ అవుతుంది. ఇదే వైద్యం 1969లో అపోలో 12 వ్యోమగామి అలాన్ బీన్ చంద్రుడి మీద నిజంగానే చేశాడు. టీవీ కెమెరా పొరపాటున సూర్యుడి వైపు తిరిగి, లోపలి ట్యూబు దెబ్బతింది. సుత్తితో తట్టి చూశాడు, బాగుపడలేదు. కాలిపోయినదాన్ని కొడితే ఏం లాభం? దెబ్బకు స్పందించేవి లూజ్ కాంటాక్టు, డ్రై సోల్డర్ (సరిగ్గా అతుక్కోని టంకం) లాంటివే. మేమూ బోర్డును తడతాం, ప్లాస్టిక్ పుల్లతో, మెల్లగా. ఎక్కడ తట్టినప్పుడు ఆగి మళ్లీ నడుస్తుందో లోపం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అసలు రిపేర్ ఆ తర్వాతే.

అపోహ: రిపేర్ అంటే చేతిపని.

సినిమాలో చేతులే కనిపిస్తాయి. వైర్లు కలపడం, స్క్రూలు తిప్పడం, చెమట తుడుచుకోవడం. పార్టు మార్చడానికి పట్టేది చాలాసార్లు కొద్ది నిమిషాలే. ఏ పార్టు మార్చాలో తేల్చుకోవడానికే రోజు గడిచిపోతుంది.

దీన్ని సరిగ్గా పట్టుకున్న సినిమా 1968లోనే వచ్చింది, '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'. యాంటెన్నాను భూమి వైపు నిలిపి ఉంచే ఏఈ-35 యూనిట్ 72 గంటల్లో పాడవుతుందని హాల్ అనే కంప్యూటర్ చెబుతుంది. వ్యోమగామి బోమన్ నౌక బయటికి వెళ్లి, దాన్ని విప్పి తెస్తాడు. ఎంత పరీక్షించినా లోపం కనిపించదు. మా పనిలో అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. కస్టమర్ పాడైందంటాడు, టేబుల్ మీద పెడితే బుద్ధిగా నడుస్తుంది.

హాల్ ఇచ్చే సలహా ఏమిటంటే, యూనిట్‌ను మళ్లీ బిగించి, పాడయ్యేదాకా ఆగుదామని, అప్పుడు కారణం తెలుస్తుందని. హాల్ మనసులో ఏముందో పక్కన పెడితే, ఆ సలహాకు నేనూ ఓటేస్తాను. వచ్చిపోయే ఫాల్టును వచ్చినప్పుడే పట్టుకోవాలి. అందుకే బోర్డును హాట్ ఎయిర్‌తో వేడి చేసి, కూలింగ్ స్ప్రే కొట్టి, దాన్ని బయటికి రప్పిస్తాం. ఇక భూమి మీదున్న జంట కంప్యూటర్ జవాబు వేరు. యూనిట్ బాగానే ఉంది, తప్పు చెబుతున్నది హాలేనట. రీడింగు ఎంతకీ పొంతన కుదరకపోతే మేమూ మీటర్నే అనుమానిస్తాం. ఆ సినిమాలో అందరూ అంతరిక్షాన్ని చూస్తారు, నాకు మాత్రం ఈ సీన్లే ఇష్టం.

అపోహ: పాడవగానే ప్యానెళ్ల నుంచి నిప్పురవ్వలు రాలతాయి.

అలా జరగకూడదనే ఫ్యూజులు, బ్రేకర్లు పెట్టేది. నా టేబుల్ మీదికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం చప్పుడు చేయకుండా చచ్చినవే.

అపోహ: ఏ పార్టునైనా ఎందులోనైనా బిగించేయొచ్చు.

దీనికి అందరూ చూపించే ఉదాహరణ 1970 నాటి అపోలో 13. చంద్రుడి దారిలో నౌక దెబ్బతిని, వ్యోమగాములు చంద్రుడి మీద దిగడానికి ఉంచిన లూనార్ మాడ్యూల్‌లో తలదాచుకున్నారు. కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే డబ్బాలు ప్రధాన గది అయిన కమాండ్ మాడ్యూల్‌లో చదరంగా, లూనార్ మాడ్యూల్‌లో గుండ్రంగా ఉండేవి. ప్లాస్టిక్ సంచులు, అట్టలు, సూట్ గొట్టాలు, టేపు వాడి ఆ చదరపు డబ్బాలను లూనార్ మాడ్యూల్‌లో పనిచేసేలా కలిపారు. అక్కడ కావాల్సింది గాలి లీక్ కాకుండా అందులోంచి వెళ్లడమే కాబట్టి టేపు సరిపోయింది. వోల్టేజీ, సిగ్నల్, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) కలవాల్సిన చోట టేపుతో పని జరగదు.

'వాల్-ఇ' (2008)లో ఆ చిన్న రోబో తన మోడల్‌వే అయిన చచ్చిన రోబోల నుంచి పార్టులు తీసుకుంటుంది. మేము దాన్నే డోనర్ బోర్డు అంటాం, ఆ లెక్క సరైనదే. చివర్లో నలిగిపోయిన వాల్-ఇకి దాని నేస్తమైన రోబో ఈవ్, బోర్డు మారుస్తుంది. యంత్రం లేస్తుంది, కానీ తనని గుర్తుపట్టదు, మామూలుగా చెత్త నొక్కుకుంటూ పోతుంది. ఫోన్ బాగైతే చాలనుకున్నవాళ్లు తర్వాత ఫొటోలు ఏవీ అని అడుగుతారు కదా, సరిగ్గా అదే. పరికరాన్ని బాగుచేయడం, డేటాను తిరిగి తేవడం రెండు వేర్వేరు పనులు. చిన్న స్పార్క్‌తో జ్ఞాపకాలన్నీ వచ్చేయడం దర్శకుడి దయ. మాకు ఆ సౌకర్యం లేదు.

అపోహ: ఎన్నేళ్లు మూలపడి ఉన్నా బటన్ నొక్కితే లేస్తుంది.

అదే సినిమాలో 700 ఏళ్ల తర్వాత వీడియో టేపు ఆడుతుంది. వాల్-ఇ బతికి ఉందంటే ఒప్పుకుంటాను, పార్టులు మార్చుకుంటూ వచ్చింది కాబట్టి. టేపుకు ఆ సేవ ఎవరు చేశారు? మాగ్నెటిక్ టేపు మీది పూత కొన్ని దశాబ్దాలకే చెడిపోతుంది. లోపల ద్రవం ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి, బ్యాటరీ కారి బోర్డు మీది రాగి గీతలను (ట్రాకులను) తినేస్తుంది, ఫ్లాష్ మెమరీలో చార్జి తగ్గిపోతుంది. వాడకుండా దాచిపెట్టినా వీటిలో ఏదీ ఆగదు.

నిజంగా చచ్చిన యంత్రాన్ని లేపడం చూడాలంటే 1985 నాటి సోవియట్ అంతరిక్ష స్టేషన్ సాల్యూట్-7 గురించి చదవండి. కరెంటు లేక గడ్డకట్టిన స్టేషన్‌లోకి వ్యోమగాములు జానిబెకోవ్, సవినిఖ్ వెళ్లారు. పనికొచ్చే బ్యాటరీలను ఏరి, సోలార్ ప్యానెళ్లకు నేరుగా కలిపి చార్జ్ చేశారు. మంచు కరిగి నీళ్లు ఎలక్ట్రికల్ పరికరాల్లోకి దిగుతాయన్న భయం వేరే.

అపోహ: మున్ముందు యంత్రాలు వాటంతటవే మానిపోతాయి.

'టెర్మినేటర్ 2' (1991)లో ద్రవ లోహపు రోబోకి పడిన తూట్లు వాటంతటవే పూడిపోతాయి. అంత దూరం ఇంకా ఎవరూ వెళ్లలేదు. 2001లో ఇల్లినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు పగిలితే జిగురు వదిలే సూక్ష్మ గుళికలను ప్లాస్టిక్‌లో కలిపి చూపించారు. ఒకచోట గుళిక ఒకసారి పగిలాక అక్కడ దాని పని అయిపోయినట్టే.

అపోహ: బాగుచేయాలంటే మనిషి దగ్గరుండాలి.

నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 1 నవంబర్ 2023 నుంచి అర్థంకాని డేటా పంపడం మొదలుపెట్టింది. 2400 కోట్ల కిలోమీటర్ల దూరం, రెంచి పనికిరాదు. ఇంజనీర్లు మెమరీలో ఉన్నదంతా తెప్పించుకుని చదివారు. ఒక చిప్ పాడై సుమారు 3 శాతం మెమరీ పోయిందని తేలింది. అక్కడున్న కోడ్ మొత్తం పట్టేంత ఖాళీ మరెక్కడా ఒకేచోట లేదు. దాన్ని ముక్కలు చేసి వేర్వేరు చోట్ల సర్ది, ఆ ముక్కలు కలిసి పనిచేసేలా మార్చారు. మొదటి ముక్కను 2024 ఏప్రిల్ 18న పంపారు. సిగ్నల్ వెళ్లడానికి ఇరవై రెండున్నర గంటలు, తిరిగి రావడానికి మళ్లీ అంతే. పనిచేసిందన్న కబురు 20న అందింది. ఇందులో రెంచీ లేదు, నిప్పురవ్వలూ లేవు, మధ్యలో రెండు రోజులు ఎదురుచూడటం తప్ప చూపించడానికి ఏమీ లేదు. దీన్ని సినిమాగా తీస్తే మొదటి ఆట టికెట్ నాదే.