నాలుగు పాయింట్ల కోత, మూడు ఇవ్వని పెనాల్టీలు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో క్లబ్బుల ఖర్చుల నిబంధన మారుతోందనగానే పాత గొడవంతా మళ్లీ పైకి తేలింది. దానితో పాటే వీఏఆర్ మీద, అంటే వీడియో చూసి మైదానంలో రిఫరీ తప్పుల్ని సరిదిద్దే పద్ధతి మీద విసుగు కూడా. ఒకటి ఆడిటర్ల వ్యవహారం, ఇంకొకటి రిఫరీల వ్యవహారం. అయినా ఇంగ్లండ్ అభిమాని ఒకదాని గురించి మొదలుపెడితే రెండోదాన్ని తిట్టకుండా ఆపడు. 2019లో వీఏఆర్ ఎలా వచ్చిందన్నది అందరికీ తెలిసిన కథే, దాన్ని పక్కన పెడదాం. ఈ రెండు ఫిర్యాదులూ ఒకటైపోయిన రోజు ఒకటుంది: 2024 ఏప్రిల్ 21, గుడిసన్ పార్క్, ఎవర్టన్–నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మ్యాచ్.

ఆ సీజన్‌లో నష్టాల పరిమితి దాటి పాయింట్లు పోగొట్టుకున్నవి ఈ రెండు జట్లే. ఎవర్టన్‌కు ముందు 10 కోసి, అప్పీలులో 6కు తగ్గించి, ఏప్రిల్‌లో మరో కేసులో ఇంకో 2 తీశారు. ఫారెస్ట్‌కు మార్చిలో 4 పోయాయి. మ్యాచ్ మొదలయ్యేసరికి ఫారెస్ట్ 26 పాయింట్లతో 17వ స్థానంలో ఉంది. 25 పాయింట్లున్న ల్యూటన్ 18వ స్థానంలో, అంటే కింది డివిజన్‌కు జారిపోయే చోట ఉంది. పాయింట్లు కోసింది ఒక కమిషన్ గదిలో. మిగిలినవాటిని కాపాడుకోవాల్సింది మైదానంలో.

ఎవర్టన్ డిఫెండర్ ఆష్లీ యంగ్ ఆ మధ్యాహ్నం పెనాల్టీ బాక్సులో మూడుసార్లు దొరికినట్టే దొరికి తప్పించుకున్నాడు. ఒకసారి ఫారెస్ట్ ఆటగాడు జియో రేనాను పడేశాడు. ఇంకోసారి క్రాస్ అతని చేతికి తగిలింది. మూడోసారి మరో ఫారెస్ట్ ఆటగాడు కాలమ్ హడ్సన్-ఒడోయ్ కాలికి అడ్డం పడ్డాడు. రిఫరీ మూడింటికీ విజిల్ ఊదలేదు. వీడియో గదిలో ఉన్నవాళ్లు కూడా ‘స్పష్టమైన పొరపాటు’ ఏదీ లేదన్నారు. ఫారెస్ట్ 2–0తో ఓడింది.

మ్యాచ్ అయ్యాక ఫారెస్ట్ క్లబ్ ఎక్స్‌లో పెట్టిన పోస్టు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. వీఏఆర్ అధికారి ల్యూటన్ అభిమాని అని ముందే హెచ్చరించినా మార్చలేదన్నది దాని సారాంశం. మనిషి నిజాయితీ మీదే బురద చల్లడం అది, హద్దు దాటిన మాటే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్ఏ) ఫారెస్ట్‌కు 7.5 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. కానీ జరిమానా గురించి చెప్పేవాళ్లు వదిలేసే సంగతి ఒకటుంది. తర్వాత ఘటనలను పరిశీలించిన స్వతంత్ర ప్యానెల్, హడ్సన్-ఒడోయ్ విషయంలో పెనాల్టీ ఇవ్వాల్సిందేనని తేల్చింది. మూడింట ఒకటి నిజమే అన్నమాట.

అసలు ఆ 4 పాయింట్లు ఎందుకు పోయాయి? లీగ్ నిబంధన ప్రకారం మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్ల వరకు నష్టం రావొచ్చు. రెండేళ్లు కింది డివిజన్‌లో ఉండి వచ్చింది కనుక ఫారెస్ట్‌కు పరిమితి 6.1 కోట్లే. దాన్ని 3.45 కోట్లు దాటేసింది. పైకొచ్చిన మొదటి వేసవిలోనే ఇరవై మందికి పైగా ఆటగాళ్లను కొన్న క్లబ్ అది, అమాయకులేమీ కాదు. అయితే వాళ్ల వాదన వినదగ్గదే. సొంత అకాడమీలో పెరిగిన బ్రెనన్ జాన్సన్‌ను లెక్కల గడువైన 2023 జూన్ 30లోపు అమ్మి ఉంటే లోటు చాలావరకు పూడేది. అప్పుడు తక్కువ ధరకు వదిలేయకుండా ఆగారు. సెప్టెంబరు 1న టాటెన్‌హామ్ క్లబ్ అతనికి 4.75 కోట్లు ఇచ్చింది. తొందరపడి చవగ్గా తెగనమ్మితే మెచ్చుకుని, ఆగి మంచి ధర తెచ్చుకుంటే శిక్షిస్తారా అన్నది వాళ్ల ప్రశ్న. కమిషన్ ఒప్పుకోలేదు. గడువు గడువేనంది. ఆరోపణ వెంటనే ఒప్పుకుని సహకరించినందుకు మాత్రం 6 పాయింట్ల కోతను 4 చేసింది.

ఇందులో అభిమానికి మండేది ఇంకోటి ఉంది. కొన్న ఆటగాడి ధరను కాంట్రాక్టు కాలమంతా పంచి ఖర్చు రాస్తారు. అకాడమీ కుర్రాడి మీద అలాంటి ఖర్చు పద్దు ఉండదు, అమ్మితే వచ్చిందంతా లాభమే. ఊళ్లో పుట్టి పెరిగిన కుర్రాణ్ని అమ్మడమే లెక్కలు సరిచేసుకోవడానికి దగ్గరి దారి అయింది. చెల్సీ తన హోటళ్లను సొంత గ్రూపు కంపెనీకే 7.65 కోట్లకు అమ్మి లెక్కలో జమ చేసుకుంటే అప్పటి నిబంధన అడ్డుపడలేదు. ఆర్థిక నిబంధనలు మీరిందంటూ మాంచెస్టర్ సిటీ మీద 115 ఆరోపణలు 2023 ఫిబ్రవరిలో వచ్చాయి. వాటిని సిటీ ఖండిస్తోంది. విచారణ మొదలవడానికే 2024 సెప్టెంబరు దాకా పట్టింది. ఫారెస్ట్ కేసు జనవరిలో మొదలై మార్చికల్లా తీర్పు కూడా అయిపోయింది.

వీడియో గది మీద నమ్మకం అప్పటికే సడలింది. 2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ కొట్టిన సరైన గోల్‌ను మైదానంలో ఆఫ్‌సైడ్ అన్నారు. వీఏఆర్ అధికారేమో గోల్ ఇచ్చారనుకుని ‘చెక్ అయిపోయింది’ అనేశాడు. తప్పు తెలిసేసరికి ఆట మళ్లీ మొదలైంది, ఇక ఆపే వీల్లేదు. ఆ సంభాషణ రికార్డింగు తర్వాత బయటపెడితే గానీ జనానికి తెలియలేదు. క్రికెట్‌లో థర్డ్ అంపైర్ ఏమంటున్నాడో మనకు టీవీలో వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ అప్పట్లో స్టేడియంలో టికెట్ కొన్నవాడికి స్క్రీన్ మీద ఒక లైను తప్ప ఏమీ ఉండేది కాదు.

ఇంత జరిగాక వీఏఆర్‌ను ఎత్తేయాలని వుల్వ్స్ క్లబ్ ప్రతిపాదన తెచ్చింది. 2024 జూన్ 6న ఓటింగ్. 19–1తో వీగిపోయింది. ఆ ఒక్క ఓటూ వుల్వ్స్‌దే. అంతకు దాదాపు ఏడు వారాల ముందు అంత గోల చేసిన ఫారెస్ట్ కూడా వీఏఆర్ ఉండాలనే ఓటేసింది! కోత పడినా ఫారెస్ట్ 32 పాయింట్లతో నిలబడింది, ల్యూటన్ 26తో దిగిపోయింది. ఆ కోతలు చివరికి ఎవరినీ కిందకు దించలేదు.

ఇప్పుడు గొడవ కొత్త నిబంధన గురించి. 2025 నవంబరులో క్లబ్బులు ఆమోదించిన ప్రకారం 2026–27 నుంచి నష్టాల లెక్క పోయి, జట్టు మీద ఖర్చు ఆదాయంలో 85 శాతం మించకూడదన్న లెక్క వస్తోంది. ఆదాయం ఎక్కువున్నవాడికి 85 శాతం కూడా ఎక్కువే. ఆటగాళ్ల అమ్మకాల లాభం ఈ లెక్కలోనూ కలుస్తుంది, కాబట్టి జాన్సన్ లాంటి కుర్రాణ్ని అమ్ముకోవాలన్న ఒత్తిడి ఎక్కడికీ పోలేదు.