చదివింపుల బల్ల పక్కన కూర్చోండర్రా

విజయనగరం

చిరంజీవులైన పిల్లలందరికీ, తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీరంతా బీరువాలోంచి నా బొమ్మల పుస్తకాలు తీయించి చూశారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఒక ప్రశ్న అడిగారు. పేపర్లలో మంత్రుల మీద, నాయకుల మీద కార్టూన్లు వేశారు కదా తాతయ్యా, మరి ఈ పుస్తకాల నిండా ఎవరివో పెళ్ళిళ్ళు, రేషన్ లైన్లు, కుళాయి దగ్గర బిందెలు, అమ్మవారి సంబరాలు ఎందుకు గీసుకున్నారు అని. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి చదివి వినిపించండి.

మంత్రి బొమ్మ వెయ్యడానికి మంత్రిని చూడక్కర్లేదర్రా. పేపర్లో ఫోటో ఉంటుంది, టీవీలో రోజూ కనబడతాడు. ముక్కు, మీసం, కళ్ళజోడు దొరికితే మనిషి వచ్చేస్తాడు. కానీ ఆయనకి అర్జీ ఇవ్వడానికొచ్చిన ముసలాయన ఎలా నిలబడతాడు? కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంటాడా? భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుంటాడా? కాళ్ళకి చెప్పులుంటాయా, గుమ్మం బయట విడిచి వస్తాడా? ఆ ముసలాయన ఫోటో ఏ పేపర్లోనూ రాదు. కార్టూను నిలిచేదీ పడిపోయేదీ మాత్రం ఆయన దగ్గరే. సాలూరులోనో టెక్కలిలోనో పేపరు విప్పినవాడు ఆ బొమ్మ చూసి, ఇతను మా ఊరి మనిషే అనుకోవాలి. అలా అనిపించాలంటే ఆ మనిషిని నేను ఎక్కడో ఒకచోట చూసి గీసుకుని ఉండాలి. సోమవారం సోమవారం కలెక్టరాఫీసు చెట్ల కింద అర్జీలు పట్టుకుని కూర్చునే జనంలో నేను గంటలు గంటలు గడిపింది అందుకే. ఎవరి మీదా కార్టూను వెయ్యడానికి కాదు, వాళ్ళు కూర్చునే తీరు నా చేతికి రావడానికి.

ఊహలోంచి గీసిన జనం అందరూ ఒక్కలాగే ఉంటారు. అదే కండువా, అదే బోడి తల, అదే గుండ్రటి పొట్ట. ఒక్కసారి సంతకి పోయి చూస్తే తెలుస్తుంది, తువ్వాలుని తలకి చుట్టుకోవడమే ఎన్ని రకాలో.

ఇప్పుడు మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్న చోటు ఒకటుంది. పెళ్ళికి వెళ్తే అందరూ మండపం కేసి చూస్తారు. మీరు మాత్రం చదివింపుల బల్ల పక్కన చోటు చూసుకోండి. బల్ల మీద ఇంట్లోంచి తెచ్చిన దుప్పటి పరిచి ఉంటుంది. స్టీలు పళ్ళెంలో పసుపూ కుంకుమా, పక్కన తమలపాకులు, నోట్లు ఎగిరిపోకుండా వాటి మీద ఒక గ్లాసు. దస్తూరీ బాగుంటుందని చుట్టాల్లో ఎవరినో రాయడానికి కూర్చోబెడతారు. పక్కనున్నాయన ఊరి పేరూ ఇంటిపేరూ గట్టిగా చదువుతాడు. 116, 516, 1116. డబ్బు ఇచ్చినాయన వెంటనే కదలడు. తన పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలి. బల్ల మీదకి వంగుతాడు. వంగినప్పుడు మెడ ముందుకి సాగుతుంది, నడుం వెనక్కి పోతుంది, ఎడం చెయ్యి కండువా జారకుండా గుండెకి అదుముకుంటుంది, కళ్ళజోడు ముక్కు చివరికి దిగుతుంది. రాసే మనిషి తల ఎత్తడు. అతని పెన్ను మాత్రం ఇంటిపేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. వెనక నిలబడ్డ భార్య, ఆయన భుజం మీంచి తనూ చూస్తుంది.

ఆ భంగిమ నా పుస్తకాల్లో ఎన్నిచోట్ల ఉందో మీరే చూశారు. ఎందుకంత ఇష్టమంటే, ఆ బల్ల మీద జరిగేది వట్టి డబ్బు లెక్క కాదు. ఆ పుస్తకాన్ని ఇంట్లో దస్తావేజుల పక్కన దాచుకుంటారు. రేపు అవతలి ఇంట్లో శుభకార్యం వస్తే తీసి చూసుకుంటారు, వాళ్ళు మనకి ఎంత పెట్టారు, మనం ఎంత పెట్టాలి అని. కూతురి పెళ్ళికి అప్పు చేసిన ఇంటిని ఆ సాయంత్రం నలుగురూ కలిసి కాస్త పైకి లేపుతారు. ఊరంటే ఏమిటో ఆ వంగిన మెడలు చెప్పినంత బాగా నేను మాటల్లో చెప్పలేను. పెళ్ళి వీడియో తీసేవాళ్ళు ఆ బల్ల దగ్గర పట్టుమని పది సెకన్లు కూడా ఆగరు.

ఇక మన సిరిమాను. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది, మీకు తెలియంది కాదు. 50 అడుగులు దాటిన చింతమాను, దాని కొసన పీట మీద పూజారి, ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. ఆ కోట 1713లో కట్టింది. కోటనీ మానునీ పూజారినీ ఫోటో తియ్యడానికి వందలమంది ఉంటారు. నా పేజీల్లో ఉన్నవి మాత్రం తలలెత్తిన ముఖాలు. మాను దగ్గరికొచ్చేసరికి వీధి వీధంతా ఒక్కసారే తల పైకెత్తుతుంది. తల ఎత్తితే ముఖం మారిపోతుంది. ముక్కు పొట్టిదవుతుంది, గడ్డం ముందుకొస్తుంది, మెడ నరాలు తేలతాయి, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. అరటిపండు విసరబోయే చెయ్యి చెవి వెనక్కి వెళ్ళి ఉంటుంది. భుజాల మీదెక్కిన పిల్ల నాన్న జుట్టు రెండు గుప్పిళ్ళతో పట్టుకుని ఉంటుంది. కింది నుంచి చూసిన ముఖాన్ని గీయడం నాకు ఎవరూ బడిలో నేర్పలేదు. సిరిమాను వీధే నేర్పింది.

అంత జనంలో అందర్నీ గీయాలని చూడకండి. దగ్గరున్న ముగ్గురిని పూర్తిగా గీయండి, వాళ్ళ వెనక వరస తలలూ జుట్టూ చాలు, ఆ వెనక వరస వట్టి వంపు గీతలు. చూసేవాడి కన్ను మిగతాది నింపుకుంటుంది.

కదిలేవాళ్ళని ఎలా గీస్తారు తాతయ్యా అని మీలో చిన్నది అడిగింది. మంచి ప్రశ్న. తప్పెటగుళ్ళు చూశారు కదా, మెడలోంచి గుండె మీదకి కట్టుకున్న రేకు గుళ్ళని రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో గెంతుతూ పాడతారు. ఒక్క క్షణం కూడా ఆగరు. అయితే ఒక కిటుకుంది. అడుగు మళ్ళీ మళ్ళీ వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు మోకాలి వంపు మాత్రం గీసుకోండి. పెన్సిలు ఎత్తి ఆగండి. అదే అడుగు తిరిగి వచ్చినప్పుడు నడుం. ఇంకోసారి వచ్చినప్పుడు చేతులు. మనిషి పాట పూర్తయ్యేలోపు మీ కాగితం మీదకి వస్తాడు. ముఖం ఆఖర్న, వాళ్ళు మంచినీళ్ళు తాగేటప్పుడు.

బొబ్బిలి వైపు ఒక సంబరంలో అలా గీస్తుంటే ఆట ఆగిన తర్వాత జట్టు మొత్తం నా చుట్టూ మూగింది. జట్టు పెద్ద కాగితం మీద వేలితో ఒక్కొక్కణ్ణీ లెక్కపెట్టి, "బావూ, మేం పదారుమందిమి. పదమూడుమందే ఉన్నార్రిక్కడ. మిగతావోళ్ళేరీ?" అన్నాడు. ఆ ముగ్గుర్నీ పిలిచి నిలబెట్టాడు. వెనక వరసలో వాళ్ళనీ వేశాను. అప్పుడు తలా ఒకచోట తమ బొమ్మ పక్కన పేరు రాసుకున్నారు, రాయడం రాని ఇద్దరు పెన్సిలు రుద్దిన వేలితో ముద్ర వేశారు. ఆ పేజీ మీరు చూశారు, కింద నల్ల మరకలేమిటని అడిగారు కూడా. అవి మరకలు కాదమ్మా, సంతకాలు. నలుగురిలో కూర్చుని గీసిన పుస్తకంలో సగం వాటా ఆ నలుగురిదీ. ఎవరైనా తొంగి చూస్తే మూసెయ్యకండి. చూడనివ్వండి, చెప్పనివ్వండి. ఇది మా బాబాయి నిలబడినట్టే ఉందని ఒకావిడ అందంటే, అంతకంటే పెద్ద బహుమానం నాకు ఏ పోటీలోనూ రాలేదు.

ఈ అలవాటు నాతో మొదలైంది కాదు. గోవాలో మారియో మిరాండా అని మహా కార్టూనిస్టు ఉండేవారు, 1926లో పుట్టి 2011లో పోయారు. చిన్నప్పుడు ఇంటి గోడల మీద గీస్తుంటే వాళ్ళమ్మ ఖాళీ పుస్తకం కొని చేతికిచ్చిందట. లౌటోలిమ్ అనే తమ పల్లెలో ఇరుగుపొరుగునీ, పెళ్ళిళ్ళనీ, చర్చి పండగల్నీ రోజూ డైరీలో బొమ్మలతో నింపుకున్నారు. తర్వాత బొంబాయి పత్రికల్లో ఆయన వేసిన, మనుషులు కిటకిటలాడే బొమ్మలకి పునాది ఆ పల్లెటూరి డైరీలే. మనకి దగ్గరి మనిషిని కూడా చెబుతాను. తొలి తెలుగు కార్టూనిస్టుగా మనం తలుచుకునే తలిశెట్టి రామారావు గారు 1906 మే 20న ఒడిశా జయపురంలో పుట్టారు. సాలూరు దాటి ఘాటీ ఎక్కి పోతే వచ్చే ఊరే అది. అందుకే మే 20 తెలుగు కార్టూనిస్టుల రోజయింది. వచ్చే వేసవి సెలవుల్లో ఆ రోజున మన అరుగు మీద మీ బొమ్మలన్నీ తాడు కట్టి వేలాడదీద్దాం.

ఏం గీయకూడదో కూడా చెప్పాలి. కార్టూనిస్టు ఉన్నదాన్ని కాస్త పెంచి చూపిస్తాడు, అది మన విద్య. పెంచాల్సింది మనిషి అలవాటుని. ఫోనులో అరిచి మాట్లాడేవాడి నోరు పెంచండి, లైను మధ్యలో దూరేవాడి మోచెయ్యి పెంచండి. కుంటి కాలునీ మెల్లకన్నునీ చిరిగిన చొక్కానీ నవ్వు కోసం వాడారంటే నేను ఊరుకోను. చావింట్లో పుస్తకం సంచిలోంచి తియ్యొద్దు. చెరువులో ఆడవాళ్ళు స్నానాలు చేసేచోటికి దాన్ని తీసుకెళ్ళనే వద్దు. ఎవరైనా నా బొమ్మ వద్దు అంటే, ఎంత బాగా వచ్చినా సరే, కాగితం చింపి వాళ్ళ చేతికే ఇచ్చెయ్యండి. నేను అలాగే ఇచ్చాను, అడిగిన ప్రతివాళ్ళకీ.

నా పాత పుస్తకాల్లో మీకు అర్థం కాని బొమ్మలు కొన్ని ఉన్నాయి. నీలం డబ్బాలు వరసగా పెట్టి, మనుషులు మాత్రం చెట్టు నీడన కూర్చున్న బొమ్మ కిరసనాయిలు లైను. డబ్బాయే మనిషి తరఫున లైన్లో నిలబడేది. బుగ్గలు లోపలికి పోయి, నోట్లోంచి చుట్ట కొస మాత్రం బయటికున్న ముసలమ్మ అడ్డపొగ తాగుతోంది, నిప్పు కొస నోటి లోపల ఉంటుంది. ఆ అలవాటు అంగిలిని కాల్చేస్తుంది, క్యాన్సరు తెస్తుంది. పోవడమే మంచిది. అయినా మా అమ్మమ్మల ముఖం అలాగే ఉండేది, దాన్ని మార్చి గీయడం నాకు చేతకాదు.

శ్రీకాకుళం పుస్తకంలో ఒక బల్ల నిండా సెల్‌ఫోన్లున్న బొమ్మ ఉంది చూడండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడితోటలు కూలిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఒకచోట జనరేటరు పెట్టి ఊరివాళ్ళందరి ఫోన్లూ ఛార్జింగు పెట్టారు. ఏది ఎవరిదో తెలియాలని ఒక్కో ఫోనుకి కాగితం ముక్క మీద పేరు రాసి రబ్బరు బ్యాండు చుట్టారు. పక్కన ఒక పెద్దాయన కాపలా. కూలిన చెట్ల బొమ్మలు ఆ రోజుల్లో ప్రతి పేపర్లోనూ వచ్చాయి. నాకు ఆ కాగితం ముక్కలే కావాలనిపించింది. బయట ఊళ్ళకి వలసపోయిన కొడుకులకి ఇంటి కబురు అందాల్సింది ఆ ఫోన్లలోంచే కదా.

సామాను గురించి ఎక్కువ ఆలోచించకండి. గీతల్లేని నోటుబుక్కు, సంచిలో పట్టేది, గట్టి అట్ట ఉన్నది. 2బీ పెన్సిలు ఒకటి, బాల్‌పెన్ను ఒకటి. జెల్ పెన్ను తడి తగిలితే పాకిపోతుంది, మన ఊరి చెమటకి పనికిరాదు. రబ్బరు ఇంట్లోనే వదిలెయ్యండి, తుడుస్తూ కూర్చుంటే ఎదుటి మనిషి వెళ్ళిపోతాడు. ప్రతి పేజీ కింద తేదీ, ఊరు, ఏ సందర్భమో రాయండి, చెవిన పడిన మాట ఒకటి కూడా రాసుకోండి. పుస్తకం నిండాక ఎండిన వేపాకు వేసి బీరువాలో పెట్టాలి, లేకపోతే పురుగు పడుతుంది.

ఈ ఆదివారం అమ్మతో రైతుబజారుకి వెళ్ళి చేతులు మాత్రం గీసుకురండి. వంకాయ నొక్కి చూసే చెయ్యి, చిల్లర లెక్కపెట్టే చెయ్యి, తూకంలో ఇంకొక మిరపకాయ వేసే చెయ్యి. ముఖాలు వద్దు. తలా రెండు పేజీలు చాలు. తొలేళ్ళ నాడు, అంటే సిరిమాను ముందు రోజు, సాయంత్రం అందర్నీ మూడు లాంతర్ల దగ్గరికి నేనే తీసుకెళ్తాను. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు అప్పటికే అరుగుల మీద దుప్పట్లు పరిచి, సద్దిమూటలు విప్పుతూ ఉంటారు. ఇంట్లో చెప్పి రండి, మంచినీళ్ళ సీసా తెచ్చుకోండి, పెన్సిలు ముందే చెక్కి ఉంచుకోండి. చిన్నవాళ్ళు నా చెయ్యి వదలకూడదు.

ఇట్లు
మీ బొమ్మల తాతయ్య