అయస్కాంత తరంగాలు: బరంపురం వైపు నేను వినే అపోహలు

ఉపగ్రహాల మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) డేటా చూడటం, అందులో భూమి అయస్కాంత క్షేత్రం అలలా ఊగడాన్ని, అంటే అయస్కాంత తరంగాల్ని, వెతకడం నా పని. బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో పెళ్లికి వెళ్తే చాలు, దాని గురించి అడుగుతారు.

అపోహ: అయస్కాంత తుఫాను వస్తే గోపాల్‌పూర్‌కు ముప్పు.
వాస్తవం: 2013లో ఫైలిన్‌ను చూసినవాళ్లకు తుఫాను అంటేనే టెన్షన్. కానీ ఇది గాలీవానా కాదు. సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేయడం. సముద్రంతో దీనికి పని లేదు.

అపోహ: అయస్కాంత తరంగాల వల్లే తలనొప్పి, బీపీ.
వాస్తవం: మన దగ్గర నేల మీద భూమి క్షేత్రం 40 వేల నానోటెస్లాలకు (క్షేత్రం బలాన్ని కొలిచే యూనిట్) పైనే. ఈ తరంగాలు ఇక్కడికి చేరేసరికి మామూలుగా ఒకటో రెండో నానోటెస్లాలు. గుమ్మం ముందు బండి ఆపినా అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. కరెంటు ట్రాములు కొలతల్ని చెడగొడతాయనే బొంబాయి కొలాబా నుంచి భూమి క్షేత్రాన్ని కొలిచే అబ్జర్వేటరీని అలీబాగ్‌కు మార్చారు.

అపోహ: ఉపగ్రహం తరంగాన్ని ఫొటో తీస్తుంది.
వాస్తవం: ఫొటో లేదు. ఉపగ్రహంలోని కరెంటు అడ్డు రాకుండా పొడవాటి కడ్డీ చివర పరికరం పెడతారు. అది ఇచ్చేది తానున్న చోట మూడు దిశల్లో క్షేత్రం ఎంతుందో చెప్పే మూడు అంకెలు, అంతే. పీసీ-5 అని పిలిచే నెమ్మది రకం అలకు ఒక ఊపు పూర్తవ్వడానికి 150 నుంచి 600 సెకన్లు పడుతుంది. గ్రాఫులో గీత ఐదు నిమిషాలకోసారి లేచి పడుతోందనుకోండి. అల కావచ్చు. లేదా, భూమి మధ్య నుంచి సూర్యుడి వైపు సుమారు 64 వేల కిలోమీటర్ల దూరంలో ఉండే క్షేత్రపు అంచు ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉపగ్రహాన్ని కాసేపు లోపల, కాసేపు బయట పడేస్తుండవచ్చు. ఒక్క ఉపగ్రహంతో ఈ రెండింట్లో ఏదో తేల్చడం కష్టం. అందుకే 2000లో క్లస్టర్ పేరుతో నాలుగు, 2007లో థెమిస్ పేరుతో ఐదు పంపారు. ఒక్కోచోట గీత ఎంత ఆలస్యంగా లేచిందో పోలిస్తే అల దిశ, వేగం దొరుకుతాయి. థెమిస్ మూడు సెకన్లకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. సరిగ్గా మూడు సెకన్ల దగ్గరే అల కనిపిస్తే నేను ముందు పరికరాన్నే అనుమానిస్తాను.

అపోహ: ఇంత నెమ్మది అల ఏం చేయగలదు?
వాస్తవం: టీవీ ఉపగ్రహాలుండే 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎలక్ట్రాన్ సుమారు పది నిమిషాల్లో భూమిని చుట్టేస్తుంది. అల లయ దాని తిరుగుడుతో కలిస్తే, వేళకు ఊపిన ఉయ్యాలలా దాని శక్తి పెరుగుతుంది. అలాంటి ఎలక్ట్రాన్లు ఉపగ్రహాల సర్క్యూట్లలోకి దూరి పాడుచేస్తాయి. నాకు ఈ రంగంలో అసలు ఆసక్తి ఇక్కడే.

అపోహ: యూట్యూబ్‌లో వినిపించేది ఆ తరంగాల అసలు శబ్దం.
వాస్తవం: డేటాను వేల రెట్లు వేగంగా నడిపి చెవికి అందేలా చేసినది. మా అక్క కొడుకు దాన్ని రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడు. పెట్టుకోనివ్వండి.