చేతిలో ఒకటి

నలభై ఏడుకు ముప్ఫై ఎనిమిది కలపమంటే బడిలో చదువుకున్నవారెవరైనా తడుముకోకుండా చేస్తారు. ఏడూ ఎనిమిదీ పదిహేను, ఐదు వేసి చేతిలో ఒకటి, నాలుగూ మూడూ ఏడు, చేతిలో ఒకటితో ఎనిమిది, మొత్తం 85. ఈ మాటలు వరుసగా నోటికి వచ్చేస్తాయి గాని, ఆ చేతిలో ఉన్నది ఏమిటని అడిగితే చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. అది ఒకటి కాదు, పది. పదిహేను ఒకట్లలో పదింటిని ఒక కట్టగా కట్టి, ఆ కట్టను పక్కనున్న పదుల వరుసలోకి పంపుతున్నాం. పంపేటప్పుడు దాని పేరు మారుతుంది, విలువ మారదు. అంకగణితంలో మనం చిన్నప్పుడు నేర్చుకునే పద్ధతులు దాదాపు అన్నీ ఈ ఒక్క మారకం మీదే నడుస్తాయని, ఇది అర్థమైన పిల్లలకు మిగతావాటిని వేర్వేరు సూత్రాలుగా బట్టీ పట్టవలసిన పని ఉండదని నా అభిప్రాయం.

ఈ మారకం సాధ్యమయ్యేది మనం సంఖ్యలను రాసే తీరు వల్ల. 555లో ఒకే అంకె మూడుసార్లు వచ్చినా ఒకచోట అది ఐదు, ఒకచోట యాభై, ఇంకొకచోట ఐదు వందలు. అంకె ముఖ విలువ ఎక్కడైనా అదే. స్థాన విలువ మాత్రం అది నిలబడిన చోటును బట్టి ఉంటుంది. ఆకారానికి ఇందులో ఏ పాత్రా లేదు కాబట్టి 305 అని రాసినా, ౩౦౫ అని రాసినా లెక్క ఒక్కటే. రోమన్ పద్ధతిలో ఈ సౌకర్యం లేదు. అందులో 888 రాయడానికి పన్నెండు అక్షరాలు కావాలి, వెయ్యికి ఒక్క అక్షరం చాలు. పొడవు చూసి ఏది పెద్దదో చెప్పలేని చోట, సంఖ్యలను ఒకదాని కింద ఒకటి పేర్చి నిలువుగా కూడటం ఎలా? అందుకే ఆ అక్షరాలు వాడినవారు లెక్కను గులకరాళ్లతోనో గీతల బల్ల మీదో చేసి, వచ్చిన జవాబును మాత్రం అక్షరాల్లో రాసుకునేవారు.

స్థానాల మీద నడిచే పద్ధతికి ఖాళీ స్థానాన్ని చూపే గుర్తు లేకపోతే 35కీ 305కీ తేడా తెలియదు. గ్వాలియర్ కోటలోని ఒక ఆలయంలో 876వ సంవత్సరపు శాసనంలో 270 అనే సంఖ్య సున్నతో సహా, ఈనాటి తీరులోనే చెక్కి ఉంది. అంతకు చాలా ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో సున్నను ఖాళీ గుర్తుగానే వదిలేయక, కూడటానికీ తీసివేయటానికీ పనికివచ్చే సంఖ్యగా తీసుకుని దానికి నియమాలు రాశాడు. ఈ దశాంశ పద్ధతి అరబ్బు పండితుల ద్వారా పశ్చిమానికి చేరింది. వారిలో అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచే అల్గారిథం (లెక్కను అంచెలంచెలుగా చేసే పద్ధతి) అనే మాట పుట్టింది. ఇటలీకి చెందిన ఫిబొనాచీ 1202లో ఈ అంకెలను వివరిస్తూ పెద్ద గ్రంథమే రాశాడు. అయినా 1299లో ఫ్లోరెన్స్ నగరపు నాణేల మారకందారుల సంఘం తమ ఖాతా పుస్తకాల్లో వీటిని వాడకూడదని నిషేధించింది. మంచి పద్ధతి అయినంత మాత్రాన వెంటనే చెల్లుబాటు కాదు మరి.

ఇక తీసివేతకు వద్దాం. 402 నుంచి 178 తీసివేయాలి. రెండులోంచి ఎనిమిది పోదు; పక్కన పదులు ఉన్నాయా అంటే అక్కడ సున్న. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, ఎందుకంటే పక్క ఇంట్లో లేదు కాబట్టి ఆ పై ఇంటికి వెళ్లాలని చెబుతామే గాని, అక్కడ జరిగేదేమిటో చెప్పం. నాలుగు వందల కట్టల్లో ఒకటి విప్పితే పది పదుల కట్టలు వస్తాయి. వాటిలో ఒకదాన్ని విప్పితే పది ఒకట్లు వస్తాయి. అంటే 402ను మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లుగా చూస్తున్నామన్నమాట. ఇప్పుడు ప్రతి వరుసలోనూ తీసివేత సాఫీగా సాగి 224 వస్తుంది. దీన్ని అప్పు అనడం అంత సబబు కాదు, ఎందుకంటే తెచ్చుకున్నది ఎన్నడూ తిరిగి ఇవ్వం. కూడికలో కట్ట కట్టి పైకి పంపిన పనినే ఇక్కడ కట్ట విప్పి కిందికి దించుతూ చేస్తున్నాం.

కట్టకు పదే ఎందుకు? చేతులకు పది వేళ్లుండటమే కారణమని సాధారణంగా చెబుతారు. మధ్య అమెరికాలోని మాయా నాగరికతవారు ఇరవై ఆధారంగానూ, అంటే ఇరవై ఒక కట్టగానూ, నేటి ఇరాక్ ప్రాంతంలోని పురాతన బాబిలోనియా వారు అరవై ఆధారంగానూ లెక్కించారు. గంటకు అరవై నిమిషాలు, నిమిషానికి అరవై సెకన్లు వారి లెక్కల నుంచి మనకు మిగిలినవే. ఎనిమిది ఆధారంగా ఒక లెక్క చేసి చూస్తే, ఆధారం ఏదైనా పద్ధతి ఒకటేనన్న విషయం చేతికి తగులుతుంది. అక్కడ సున్న నుంచి ఏడు దాకా ఎనిమిది అంకెలే ఉంటాయి, ఎనిమిదిని 10 అని రాయాలి. 47కు 36 కలుపుదాం. ఏడూ ఆరూ పదమూడు, అంటే ఒక ఎనిమిది, మీద ఐదు; ఐదు వేసి చేతిలో ఒకటి. నాలుగూ మూడూ చేతిలో ఒకటీ ఎనిమిది. సున్న వేసి మళ్లీ చేతిలో ఒకటి. జవాబు 105. మన రోజువారీ లెక్కలో ఆ రెండు సంఖ్యలు 39, 30, మొత్తం 69, 105 అంటే ఒక అరవై నాలుగు, మీద ఐదు, సరిగ్గా అదే. నోటితో పలికిన మాటలు పాతవే, చేతిలోని ఒకటి మాత్రం మొదట ఎనిమిదిగా, తర్వాత అరవై నాలుగుగా మారింది. ఆధారం రెండు అయితే అంకెలు సున్న, ఒకటి మాత్రమే. 101కి 11 కలిపితే ప్రతి స్థానంలోనూ చేతిలో ఒకటి పడుతూ 1000 వస్తుంది, అంటే ఐదూ మూడూ ఎనిమిది. జర్మన్ గణితజ్ఞుడు లైబ్నిట్జ్ 1703 నాటి వ్యాసంలో వివరించిన ఈ ద్విసంఖ్యామానమే ఈనాటి కంప్యూటర్ల లోపల నడిచేది.

గుణకారం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 23ను 14తో గుణించేటప్పుడు రెండో వరుసను ఒక స్థానం ఎడమకు జరిపి రాయడం అలంకారం కోసం కాదు. అక్కడ గుణిస్తున్నది ఒకటితో కాక పదితో గనుక, 92 కింద ఉండేది నిజానికి 230, మొత్తం 322. ఎక్కాలంటే భయపడేవారికి మాత్రం ఒక చిన్న ఊరట ఉంది. ఒకటో ఎక్కం, పదో ఎక్కం నేర్చుకోవలసినవి కావు. ఏడు ఎనిమిదులూ ఎనిమిది ఏడులూ ఒకటే. ఈ రెండూ తీసేస్తే రెండు నుంచి తొమ్మిది వరకు నిజంగా గుర్తుంచుకోవలసినవి 36 మాత్రమే.

కూడికా గుణకారమూ సహజ సంఖ్యల లోకం దాటి బయటకు పోవు. తీసివేత అలా కాదు, మూడులోంచి ఐదు తీయమంటే ఆ లోకంలో జవాబు లేదు. బ్రహ్మగుప్తుడు ఇలాంటి ఫలితాలను ఋణమని, మామూలు సంఖ్యలను ధనమని పిలిచాడు. ఆ పేర్లే ఈనాటికీ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. రెండు ఋణాల లబ్ధం ధనమెందుకవుతుందన్నది చాలామందిని వేధించే ప్రశ్న. ఒక వరుస రాసి చూడండి: ఋణ రెండును మూడుతో గుణిస్తే −6, రెండుతో −4, ఒకటితో −2, సున్నతో 0. గుణకం ఒకటి తగ్గినప్పుడల్లా ఫలితం రెండు పెరుగుతోంది. ఈ క్రమం చెడకుండా ఋణ ఒకటికి దిగితే +2 తప్ప మరొకటి రాయలేం. కావాలని వేరొకటి రాస్తే, కూడికకూ గుణకారానికీ ఉన్న పొత్తు అక్కడే తెగిపోతుంది.

భాగహారం తెచ్చే చిక్కులు ఇంకా ఆసక్తికరమైనవి. సున్నతో భాగించడం ముందే తోసిపుచ్చాలి: ఏడును సున్నతో భాగిస్తే వచ్చే జవాబును సున్నతో గుణిస్తే తిరిగి ఏడు రావాలి, కాని సున్నతో ఏది గుణించినా సున్నే. సున్నను సున్నతో భాగిస్తే సున్న వస్తుందన్న బ్రహ్మగుప్తుని నియమాన్ని తర్వాతి గణితం అంగీకరించలేదు, అక్కడ ఏ సంఖ్య అయినా సరిపోతుంది కాబట్టి. ఇక ఒకటిని ఏడుతో భాగిద్దాం. ఒకటి చాలదు గనుక దాన్ని విప్పి పది పదోవంతులు చేస్తాం. ఏడుగురికి తలా ఒకటి ఇస్తే మూడు మిగులుతాయి. ఆ మూడింటినీ విప్పితే ముప్ఫై నూరోవంతులు. తలా నాలుగు, మిగులు రెండు. తీసివేతలో ఒకట్ల దగ్గర ఆగిన పని ఇక్కడ బిందువు దాటి కిందికి సాగుతోందంతే. 0.142857 దాకా వచ్చేసరికి మిగులు మళ్లీ ఒకటి, అంటే మొదలుపెట్టిన చోటికే చేరాం, ఆపైన అవే ఆరు అంకెలు తిరిగి తిరిగి వస్తాయి. ఇది తప్పనిసరి. ఏడుతో భాగించినప్పుడు సున్న కాని శేషాలు ఆరే ఉంటాయి; ఏదో ఒకటి మళ్లీ రాక తప్పదు. ఏ భిన్నమైనా దశాంశంగా రాస్తే అంతమైనా కావాలి, ఆవర్తనమైనా కావాలి.

ఏది అంతమవుతుందన్నది మాత్రం ఆధారాన్ని బట్టి ఉంటుంది. పదికి ప్రధాన కారణాంకాలు రెండూ ఐదూ కాబట్టి ఎనిమిదోవంతు 0.125తో ముగుస్తుంది, మూడోవంతు 0.333 అంటూ సాగుతూనే ఉంటుంది. అరవై ఆధారంగా రాసేవారికి మూడోవంతు ఇరవై అరవయ్యోవంతులు, ఒక్క స్థానంతో సరి. రెండు ఆధారంగా లెక్కించే కంప్యూటరుకు మన పదోవంతు కూడా అంతు లేనిదే. దాన్ని ఎక్కడో కత్తిరించి దాచుకోవడం వల్లనే అనేక ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 కనిపిస్తుంది.

రెండు వర్గమూలం విషయంలో ఆధారం మార్చినా లాభం లేదు. 1.4 వర్గం 1.96, 1.41 వర్గం 1.9881, 1.414 వర్గం 1.999396, ఎన్ని స్థానాలు పోయినా ముగింపూ లేదు, ఆవర్తనమూ లేదు, ఎందుకంటే అది ఏ భిన్నానికీ సమానం కాని కరణీయ సంఖ్య. యేల్ విశ్వవిద్యాలయంలో భద్రపరచిన ఒక బాబిలోనియా మట్టి పలక మీద చతురస్రమూ దాని కర్ణాలూ గీసి, దగ్గర్లో ఒకటి, ఇరవై నాలుగు, యాభై ఒకటి, పది అని అరవై ఆధారంగా నాలుగు స్థానాలు రాసి ఉన్నాయి. మన అంకెల్లోకి మారిస్తే అది దాదాపు 1.414213. దాదాపు మూడు వేల ఏడు వందల ఏళ్ల కిందట ఎవరో అంత దూరం కట్టలు విప్పుకుంటూ వెళ్లారు. దాని వర్గం రెండుకు వెంట్రుకవాసి తక్కువ.