కోల్ష్ బీరులో అరటిపండు వాసన ఎక్కడిది?

డాలస్ దగ్గర ఉంటున్న ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: "ఇంట్లో కోల్ష్ తరహా బీరు చేశాను. మాల్ట్, హాప్స్, ఈస్ట్ అన్నీ రెసిపీ ప్రకారమే వేశాను. గదిలో ఏసీ 20 డిగ్రీల దగ్గరే పెట్టాను. అయినా మగ్గిన అరటిపండు వాసన వస్తోంది. ఎందుకంటారు?" చాలా మంచి ప్రశ్న. జవాబులో బయోకెమిస్ట్రీ, ఫిజిక్స్ రెండూ ఉన్నాయి.

ముందు ఒక మాట. సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి అమెరికాలో 1978 నాటి ఫెడరల్ చట్టం దారి తెరిచింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. ఇక్కడివాళ్లు సైన్సు కోసం చదవండి, చాలు.

కోల్ష్ జర్మనీలోని కొలోన్ నగరపు బీరు. లేత బంగారు రంగులో తేటగా ఉంటుంది, ఆల్కహాల్ సుమారు 4.8 శాతం. అక్కడ 200 మిల్లీలీటర్ల సన్నటి నిటారు గ్లాసుల్లో ఇస్తారు. చాలని గ్లాసు మీద అట్టముక్క పెట్టేదాకా సర్వరు కొత్త గ్లాసు తెస్తూనే ఉంటాడు. 1986లో అక్కడి తయారీదారులు ఒక ఒప్పందం చేసుకున్నారు, 1997 నుంచి యూరోపియన్ యూనియన్ రక్షణ కూడా ఉంది. కాబట్టి ఇంకెక్కడ చేసినా అది "కోల్ష్ తరహా" బీరే.

అసలు విశేషం ఈస్ట్‌లో ఉంది. బీర్లలో చల్లగా పులియబెట్టేవి లాగర్లు, కాస్త వెచ్చగా పులియబెట్టేవి ఏల్‌లు. లాగర్ ఈస్ట్ 10 డిగ్రీల చలిలో పనిచేస్తుంది, బీరు శుభ్రంగా, పళ్ల వాసన లేకుండా వస్తుంది. కోల్ష్‌కు వాడేది ఏల్ ఈస్ట్, అంటే బ్రెడ్డును పొంగించే శాకరోమైసిస్ సెరివిసియే జాతిదే. అయినా తాగినవాళ్లకు లాగర్‌కు దగ్గరగా అనిపిస్తుంది. ఆ ఏల్ ఈస్ట్‌ను మామూలు కంటే చల్లగా పనిచేయించడమే దీనికి ముఖ్య కారణం.

మాల్ట్‌ను, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, 65 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచడం, వడకట్టడం, హాప్స్ (చేదు, సువాసన ఇచ్చే పూలు) వేసి మరిగించడం, చల్లార్చడం ఏ రెసిపీలోనైనా దొరుకుతాయి, వదిలేస్తున్నాను. ఒక్కటి మాత్రం చెబుతాను. ఇంత లేత మాల్ట్ వాడినప్పుడు మూత తీసి 90 నిమిషాలు మరిగించండి. లేకపోతే డైమిథైల్ సల్ఫైడ్ మిగిలిపోయి ఉడికిన మొక్కజొన్న వాసన వస్తుంది.

స్కూల్లో పులియడం గురించి ఒకే సమీకరణం చెప్పి వదిలేస్తారు: గ్లూకోజు నుంచి ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్. పిల్లలకు అక్కడితో ఆపడం అన్యాయమని నా అభిప్రాయం. ఈస్ట్ కణం తన సంతతిని పెంచుకుంటూ వందల రకాల అణువులు చేస్తుంది, రుచి అంతా వాటిలోనే ఉంది. వోర్ట్‌లో, అంటే ఆ బార్లీ రసంలో, ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఈస్ట్ దానిలోని నైట్రోజన్ తీసుకుని, మిగిలిన చట్రాన్ని ఐసోఅమైల్ ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫెలిక్స్ ఎర్లిష్ ఈ దారిని 1907లో వివరించాడు. తర్వాత ఏటీఎఫ్1 జన్యువు తయారుచేయించే ఎంజైమ్ ఆ ఆల్కహాల్‌కు కణంలోని అసిటైల్ కో-ఎంజైమ్ ఏ అనే అణువు నుంచి అసిటైల్ గుంపును (రెండు కార్బన్ల ముక్కను) తగిలిస్తుంది. అప్పుడు ఐసోఅమైల్ అసిటేట్ పుడుతుంది. ఇలాంటి పళ్ల వాసన పదార్థాలను ఎస్టర్లు అంటారు. అరటిపండులో ఉండేదీ ఇదే ఐసోఅమైల్ అసిటేట్ అణువు, వేరేది కాదు! లీటరుకు ఒక మిల్లీగ్రాము అటూఇటూ ఉన్నా ముక్కు పట్టేస్తుంది.

వేడి పెరిగితే ఈ దారి అంతా వేగం పుంజుకుంటుంది. ఇడ్లీ పిండి మే నెలలో తెల్లారేసరికి పొంగి పులిసిపోతుంది, డిసెంబరులో గిన్నె అడుగునే ఉంటుంది. పప్పు, బియ్యం, గిన్నె అవే. మారింది వేడి ఒక్కటే. ఇడ్లీ పిండిలో రకరకాల సూక్ష్మజీవులు ఉంటాయి, వేడిని బట్టి ఒకటి వెనకబడితే ఇంకొకటి ముందుకొస్తుంది. బీరులో ఉన్నది ఒకే ఈస్ట్. వేడి మారితే ఆ ఒక్క కణం లోపలే ఏ ఎంజైమ్ ఎంత పనిచేయాలన్నది మారుతుంది.

మరి ఏసీ 20 డిగ్రీల దగ్గర ఉంది కదా? గదిలో 20, కానీ పాత్రలో ఎంత? లెక్క వేద్దాం. 20 లీటర్ల బీరులో సుమారు 1.6 కిలోల చక్కెర పులుస్తుంది. 180 గ్రాముల గ్లూకోజు పులిస్తే దాదాపు 100 కిలోజౌళ్ల వేడి వస్తుంది. మొత్తం 900 కిలోజౌళ్లకు దగ్గర. 20 లీటర్ల ద్రవాన్ని ఒక డిగ్రీ పెంచడానికి 84 కిలోజౌళ్లు చాలు. వేడి బయటికి పోకపోతే బీరు 10 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది! కొంత పాత్ర గోడల గుండా పోతుంది కాబట్టి నిజంగా పెరిగేది మూడు నాలుగు డిగ్రీలు. అంటే మీ ఈస్ట్ 23, 24 డిగ్రీల దగ్గర పనిచేసింది. పైగా పులియడం జోరుగా ఉన్న మొదటి మూడు రోజుల్లోనే ఈ వేడి పుడుతుంది, ఎస్టర్లలో ఎక్కువ భాగం తయారయ్యేదీ అప్పుడే.

సూక్ష్మజీవుల సంగతి తెలియని రోజుల్లో బీరు చెడితే యూరప్‌లో మంత్రగత్తెల మీద వేసేవాళ్లు. నిందపడ్డ ఆడవాళ్లు ఎంత నరకం అనుభవించారో! అదే కాలంలో జర్మనీలోని బవేరియా పాలకులు 1553లో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు తయారీని నిషేధించారు. కారణం తెలియకపోయినా, ఎండాకాలం బీరు పాడవుతుందని గమనించారు. గమనించడం దగ్గర మొదలుపెట్టినవాళ్లు సైన్సు వైపు నడిచారు, దయ్యాన్ని వెతికినవాళ్లు మనుషుల్ని హింసించారు.

ఇక చేయాల్సింది. థర్మామీటరును గోడకు కాకుండా పాత్ర పక్కకు అంటించి, పైన గుడ్డ చుట్టండి. మొదటి మూడు నాలుగు రోజులు బీరు 15, 16 డిగ్రీలు దాటకూడదు. పాత్రను నీళ్ల తొట్టిలో పెట్టి ఐసు సీసాలు మారుస్తూ ఉండండి. ఈస్ట్ వేసేముందు చల్లారిన రసాన్ని బాగా గిలక్కొట్టి గాలి కలపండి. ఆక్సిజన్ ఏటీఎఫ్1ను అణచిపెడుతుంది. చివర్లో మాత్రం రెండు రోజులు 18 డిగ్రీలకు రానివ్వండి. వెన్న వాసన వచ్చే డయాసిటైల్‌ను ఈస్ట్ అప్పుడే వెనక్కి తీసుకుని వాసన లేని పదార్థంగా మార్చేస్తుంది.

ఆ తర్వాత మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో, రెండు డిగ్రీల దగ్గర. కోల్ష్ ఈస్ట్ కణాలు ఒకదానికొకటి సరిగ్గా అతుక్కోవు, అందుకే త్వరగా అడుక్కి దిగవు, బీరు తేటపడదు. ద్రవంలో మునిగే వేగం వ్యాసార్థం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, వ్యాసార్థం పదింతలున్న ముద్ద వందరెట్లు వేగంగా దిగుతుంది. ఒంటరి కణం రోజుకు కొన్ని సెంటీమీటర్లే దిగుతుంది. కొలోన్‌లో వడపోసి తేట చేస్తారు, ఇంట్లో ఓపిక పట్టాలి.

ఇప్పుడున్న బీరును ఎన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉంచినా అరటిపండు వాసన పెద్దగా తగ్గదు. డయాసిటైల్‌ను ఈస్ట్ తీసుకున్నంత సులువుగా ఎస్టర్లను వెనక్కి తీసుకోదు.