ఐదు గోల్స్ సలెంకో: అపోహలు - వాస్తవాలు

పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం నా వృత్తి. టోర్నమెంట్లు మొదలయ్యాయంటే చాలు, ఎవరో ఒక తండ్రి ఫోనులో రష్యా ఆటగాడు ఒలెగ్ సలెంకో ఒకే ప్రపంచకప్ మ్యాచ్‌లో ఐదు గోల్స్ కొట్టిన వీడియో పెట్టి చూపిస్తారు. "ఇలాంటి మ్యాచ్ ఒక్కటి పడితే మావాడి దశ తిరుగుతుంది సార్!"

అపోహ: ఒక్క మ్యాచ్‌తో జీవితం స్థిరపడుతుంది.

వాస్తవం: వీడియో అయిపోయాక ఏం జరిగిందో ఎవరూ చూడరు. 1994 ప్రపంచకప్‌లో, జూన్ 28న అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో కామెరూన్‌పై రష్యా 6-1తో గెలిచింది. సలెంకో 15, 41, 44, 72, 75 నిమిషాల్లో కొట్టాడు. మూడోది పెనాల్టీ, ఐదోది కీపర్ మీదుగా తేలిగ్గా లేపాడు. ప్రపంచకప్‌లో ఒకే మ్యాచ్‌లో ఐదు గోల్స్ చేసినవాడు ఇప్పటికీ మరొకడు లేడు. అంతటి వాడు ఆ తర్వాత రష్యాకు మళ్లీ ఆడలేదు! అప్పటికి వయసు 24. కోచ్‌గా సాదిరిన్ పోయి రొమాంత్సెవ్ వచ్చాడు, సలెంకోకు పిలుపు రాలేదు. స్పెయిన్ క్లబ్బు వలెన్సియాలో ఒక సీజన్, స్కాట్లాండ్ క్లబ్బు గ్లాస్గో రేంజర్స్‌లో సగం సీజన్, 1996లో టర్కీ క్లబ్బు ఇస్తాంబుల్‌స్పోర్. అక్కడ మోకాలి గాయాలు పట్టుకున్నాయి. మళ్లీ పూర్తిగా కోలుకోలేదు.

మోకాలి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆమధ్య ఒక తల్లి కంగారుగా వచ్చారు. కొడుకు రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగుతున్నాడట, అడిగితే ఏమీ లేదంటున్నాడట. చిప్ప కింద వేలితో నొక్కగానే వాడి మొహం ముడుచుకుపోయింది. రెండు రోజుల్లో ఫైనల్, సెలెక్టర్లు వస్తారని ఊళ్లో పుకారు. నేను ఆడించలేదు, ఎముకల డాక్టరు దగ్గరికి పంపాను. తండ్రికి నా మీద ఇంకా కోపమే. ఆ తల్లి భయపడటంలో మాత్రం తప్పేమీ లేదు. పుకార్లు పుట్టించే పెద్దమనుషులకే బుద్ధి లేదు.

అపోహ: ఆ ఐదూ గాలివాటం గోల్స్.

వాస్తవం: 1989లో సౌదీలో జరిగిన ప్రపంచ యువ టోర్నీలోనూ అత్యధిక గోల్స్ ఇతనివే. 1993-94లో స్పెయిన్‌లో లోగ్రోన్యెస్ అనే చిన్న క్లబ్బుకు లీగ్‌లో 16 కొట్టాడు.

అపోహ: 1994 ప్రపంచకప్‌లో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ ఇతనొక్కడిదే.

వాస్తవం: కాదు. స్వీడన్‌పై పెనాల్టీతో కలిపి ఇతనివి మొత్తం 6 గోల్స్. బల్గేరియా ఆటగాడు స్తోయిచ్కోవ్‌వీ అన్నే. ఇద్దరూ పంచుకున్నారు. రష్యా అయితే గ్రూపు దశలోనే ఇంటికి వెళ్లింది.

అపోహ: రష్యాకు తప్ప వేరే దేశానికి ఆడలేదు.

వాస్తవం: 1992లో హంగేరీతో స్నేహపూర్వక మ్యాచ్‌లో ఉక్రెయిన్ తరఫున దిగాడు.